మిల్లింగ్ మిషను ముందు మా అమ్మ

పోయిన నెల మడికొండలో నరేష్ అనే నా పాత విద్యార్థి సొంత వర్క్‌షాపు పెట్టుకుని, రిబ్బను కత్తిరించడానికి నన్ను పిలిచాడు. కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరైనదాన్ని, నాకెందుకయ్యా ఈ మర్యాదలన్నా వినకుండా సుబేదారిలో మా ఇంటికి కారు పంపాడు. షెడ్డు మధ్యలో అద్దాల బీరువాలాంటి కొత్త మిషను. బటన్ నొక్కితే లోపల కట్టర్ గిరగిరా తిరుగుతూ ఇనుప దిమ్మను చెక్కుతోంది. కాసేపటికి అది తనంతట తానే ఆగింది. పక్కనుంచి ఒక ఇనుప చెయ్యి వచ్చి ఆ కట్టర్‌ను ఊడదీసి, ఇంకో కట్టర్‌ను పెట్టి పోయింది. మళ్ళీ తిరగడం మొదలైంది. వచ్చినవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. నేను మాత్రం, అడగాలని అనుకోకుండానే, "కట్టర్ మార్చేటప్పుడు స్పిండిల్‌ను ఎవరు పట్టుకుంటారు నరేష్?" అని అడిగాను. అతను నవ్వి, "ఎవలు పట్టాల్సిన పన్లేదు మేడం. అదే ఆగుతది, అదే బిగుస్తది, అదే ఇడిసిపెడ్తది" అన్నాడు.

నేను తలూపి, పెట్టిన స్వీటు తిని, ఇంటికి వచ్చేశాను. ఎట్లా జరిగిందని మా ఆయన అడిగితే బాగా జరిగిందన్నాను. కానీ ఆ రోజంతా ఏ పని మీదా మనసు నిలవలేదు. ఎందుకంటే మా ఇంట్లో ఒకప్పుడు ఆ స్పిండిల్‌ను పట్టుకునే మనిషి ఉండేది. మా అమ్మ. ఆమె ఆ పని మానుకున్న కాలంలో మా ఇంట్లో జరిగిందంతా నేను దగ్గరుండి చూశాను. చూశాను గాబట్టి చెప్పగలను గానీ, ఎందుకట్లా జరిగిందంటే మాత్రం, అప్పుడెంత తికమకపడ్డానో ఇప్పుడూ అంతే.

అప్పుడు మా ఇల్లు శివనగర్‌లో, వరంగల్ స్టేషనుకు వెనకవైపు. రైలు పోతే గూట్లో గ్లాసులు గలగలమనేవి. మా బాపు పేరు దానియేలు. చాలా ఏళ్ళు వేరేవాళ్ళ వర్క్‌షాపులో పనిచేసి, చివరికి హైదరాబాదులో ఎక్కడో పాతసామాను కింద అమ్ముతున్న ఒక మిల్లింగ్ మిషనును కొని లారీలో తెచ్చుకున్నాడు. దాన్ని దించడానికి మా ముందు గది గోడ సగం పడగొట్టారు. మళ్ళీ ఆ గోడ ఎవరూ కట్టలేదు. రేకుల తలుపు పెట్టి, ఆ గదే వర్క్‌షాపు అయింది. దాని వెనక వంటిల్లు, దాని పక్కన మేము పడుకునే గది. రైస్ మిల్లుల వాళ్ళు, పత్తి జిన్నింగు మిల్లుల వాళ్ళు అరిగిపోయిన పళ్ళ చక్రాలు సంచిలో వేసుకుని తెచ్చేవాళ్ళు. బాపు అలాంటిదే కొత్తది చెక్కి ఇచ్చేవాడు.

ఆ మిషను గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. మనిషెత్తు ఇనుప స్తంభం. దాని పైభాగంలో ముందు నుంచి వెనకకు ఒక లావు ఇరుసు. అదే స్పిండిల్. అమ్మ దాన్ని కదురు అనేది, వాళ్ళ పుట్టింటి వీధిలో అందరూ నేతపని వాళ్ళు కాబట్టి. దాని ముందు కొసకు కట్టర్ ఉన్న కడ్డీ దూర్చి, వెనక కొసన నట్టు బిగించాలి. కట్టర్ మార్చాలంటే వెనకకు పోయి ఆ నట్టును పానాతో విప్పాలి. కానీ పానా తిప్పితే స్పిండిల్ కూడా దానితోపాటే తిరుగుతుంది, నట్టు వదులు కాదు. స్పిండిల్‌ను కదలకుండా ఆపడానికి మిషనుతో ఒక బ్రేకు వస్తుందట. మా మిషనుకు ఆ బ్రేకు ఊడిపోయి, అది ఉండాల్సిన చోట రంధ్రం మాత్రం మిగిలింది. అందుకని బాపు చింతకర్రతో పెద్ద పట్టకారు ఒకటి చేశాడు. లోపలివైపు తోలుముక్క అతికించాడు. ముందు ఒక మనిషి నిలబడి ఆ పట్టకారుతో కడ్డీని బిగించి పట్టుకుంటే, వెనక ఇంకో మనిషి పానా తిప్పాలి. ముందున్న మనిషి పట్టు వదిలితే కట్టర్ పళ్ళు చేతిని కోస్తాయి. నట్టు ఊడాక ఆ కడ్డీ బరువంతా కూడా ఆ మనిషి చేతుల మీదే పడుతుంది.

ఆ ముందున్న మనిషి మా అమ్మ మార్తమ్మ. పొయ్యి మీద ఏదున్నా సరే, "ఇగో, జర రా" అని వర్క్‌షాపులోంచి కేక వినపడగానే కొంగు నడుముకు చుట్టి, జుట్టు ముడేసుకుని పోయేది. పిండి చేతులైతే పాతగుడ్డకు తుడుచుకునేది. వెనక్కి వచ్చి మళ్ళీ జొన్నరొట్టె చరిచేది. మా ఇంటి రొట్టెకు ఎప్పుడూ సన్నగా మిషను నూనె వాసన ఉండేది. నేను వేరే ఇళ్ళలో రొట్టె తిన్నప్పుడు ఏదో తక్కువైనట్టు అనిపించేది. ఆదివారం గుడికి, అంటే చర్చికి, పోయేముందు అమ్మ కొంచెం కిరసనాయిలు, తర్వాత నిమ్మచెక్క పెట్టి వేళ్ళు రుద్దుకునేది. అయినా పాటల పుస్తకం అంచుల మీద ఆమె బొటనవేలి మరకలు ఉండనే ఉండేవి.

ఇద్దరి మధ్య ఆ ఇనుప స్తంభం అడ్డం. ఒకరికి ఒకరు కనపడరు. మాటలే ఆనవాలు. "పట్టినవా?" అనేవాడు బాపు. "పట్టిన" అనేది అమ్మ. పానా కిర్రుమనేది. "ఒస్తాంది." "రానియ్యి." కొత్త కట్టర్ పెట్టి మళ్ళీ నట్టు బిగించాక బాపు, "పానా తీసిన" అనేవాడు. అప్పుడు గానీ అమ్మ, "ఇడుస్తాన" అని పట్టకారు తీసేది కాదు. ఎంత తొందరున్నా ఆ మాట వినపడకుండా తీసేది కాదు. దినమంతా ఇదే. బాపు తక్కువ మాట్లాడే మనిషి. అమ్మ ఎక్కువ మాట్లాడే మనిషి. ఈ నాలుగు మాటల దగ్గర మాత్రం ఇద్దరూ సమానం.

నేను హనుమకొండలో బీఎస్సీ మొదటి సంవత్సరం చదువుతున్నప్పుడు ఎస్తేరమ్మ అనే ఆవిడ మా ఇంటికి వచ్చింది. అమ్మతోపాటు చిన్నప్పుడు బోర్డింగులో చదువుకున్న మనిషి. అమ్మ మెట్రిక్ పాసై, టీచరు ట్రైనింగులో చేరి, పెళ్ళి కుదరడంతో మధ్యలో వదిలేసిందని నాకు ఆ రోజే తెలిసింది. ఎస్తేరమ్మ తొర్రూరులో ఆడపిల్లల హాస్టలు నడిపే పనిలో ఉంది. పిల్లల్ని చూసుకునే మనిషి కావాలని, అమ్మను రమ్మని అడగడానికి వచ్చింది. ఉండటానికి గది, తిండి అక్కడే, శనివారం ఇంటికి పోయి రావచ్చు అంది. అమ్మ చాయ్ పోస్తూ నవ్వింది. "నేనొస్తె మిషను ఎవలు పడ్తరు ఎస్తేరూ?" అంది. ఆ మాట నేను విన్నాను. వర్క్‌షాపులో బాపు కూడా విన్నాడు, ఎందుకంటే అప్పుడే మోటరు ఆగింది.

ఆ మాటకు అర్థమేమిటో నాకు ఈరోజుకీ తెలియదు. రానని మర్యాదగా చెప్పిందా? నా బతుకు ఈ మిషను పట్టుకోవడంతోనే సరిపోయిందని స్నేహితురాలి దగ్గర చెప్పుకుందా? అమ్మ నవ్వుతూ అంది గాబట్టి ఎటైనా అనుకోవచ్చు. ఎస్తేరమ్మ మాత్రం, "ఆలోచన చేసి చెప్పు మార్తా, ఫికర్ లేదు" అని బస్సుకు పోయింది.

తర్వాత మా ఇంట్లో మాటలు ఆగిపోయాయి. గొడవ జరగలేదు. గొడవ జరిగి ఉంటే నాకైనా విషయమేమిటో తెలిసేది. బాపు అన్నం తిని లేచిపోయేవాడు. అమ్మ పెట్టి ఊరుకునేది. కూరలో ఉప్పు ఎక్కువైనా ఒకరనరు, ఒకరడగరు. "పట్టినవా", "పట్టిన", "పానా తీసిన", "ఇడుస్తాన" తప్ప ఇంట్లో వాళ్ళ గొంతులు వినపడేవి కావు. పక్కింటివాళ్ళకు తేడా తెలిసి ఉండదు, ఎందుకంటే బయటికి వినపడే మాటలు ఎప్పుడూ అవే కదా. నేను కాలేజీ నుంచి వచ్చి రేకుల తలుపు తీసేటప్పుడు ఆ మాటలు వినపడితే కొంచెం ధైర్యం వచ్చేది.

నాకు నా భయం నాకుంది. అమ్మ తొర్రూరు పోతే ఆ పట్టకారు నా చేతికి వస్తుంది. పొయ్యి కూడా నాదే. అప్పుడిక హనుమకొండ బస్సు ఎక్కేదెట్లా? ఒక సాయంత్రం బాపు చేతులు కడుక్కుంటుంటే చెంబుతో నీళ్ళు పోస్తూ అడిగాను. "బాపూ, అమ్మ పోతె నేను కాలేజి బంద్ చెయ్యాల్నా?"

"ఎవలన్నరు?"

"ఎవలనలె."

"మరి?" అన్నాడు, తువ్వాల కోసం చెయ్యి చాపి.

ఆ "మరి" పట్టుకుని నేను చాలా రోజులు కొట్టుమిట్టాడాను. ఎవరూ అననప్పుడు ఎందుకు భయం అనా? అనకపోయినా జరిగేది అదే కదా అనా? అమ్మను అడిగితే ఆమె ఇంకా వింతగా, "నన్నెవలు పొమ్మన్నరు, నువ్వు కాలేజి బంద్ చెయ్యనీకి?" అంది.

ఈలోపు బాపు ఏదో పని మొదలుపెట్టాడు. ఎవరి ఆర్డరూ కాదు. ఒక ఇనుప కడియం తెచ్చి, దానికి చుట్టూ రంధ్రాలు వేశాడు. స్పిండిల్ వెనక కొసకు ఆ కడియాన్ని ఎక్కించాడు. స్తంభానికి పక్కన ఖాళీగా ఉన్న పాత రంధ్రాన్ని పెద్దది చేసి, బొటనవేలంత లావు సీల ఒకటి తయారుచేశాడు. సీలను రంధ్రంలోంచి తోస్తే అది కడియంలో దిగి, స్పిండిల్ ఇంచు కూడా కదలదు. తీస్తే మామూలుగా తిరుగుతుంది. కడ్డీ కింద ఒక కర్ర దిమ్మ పెట్టుకుంటే దాని బరువూ ఆగుతుంది. అంతే, ఇక ముందు నిలబడి పట్టుకునే మనిషి అవసరం లేదు. ఆ పని చేసిన రోజుల్లో కూడా కట్టర్లు మార్చాల్సి వచ్చేది, అమ్మ వచ్చి పట్టుకునేది. ఏం చేస్తున్నావని ఆమె అడగలేదు, ఇదీ అని ఆయన చెప్పలేదు. ఒకరోజు బాపు కేక వేయకుండానే పానా కిర్రుమన్న చప్పుడు వినపడింది. అమ్మ పిండి కలుపుతోంది. చప్పుడు విని లేవబోయి, సగం లేచి, మళ్ళీ కూర్చుంది. పిండిలో నీళ్ళు ఎక్కువయ్యాయి. ఆ రోజు రొట్టెలు కాలేదు, అన్నమే వండింది.

ఆ సాయంత్రం కుటుంబ ప్రార్థన. మా ఇంట్లో రోజూ తినేముందు బాపు ప్రార్థన చేసేవాడు. మాట్లాడని రోజుల్లో కూడా అది తప్పలేదు. పంటల కోసం, రోగుల కోసం, నా చదువు కోసం అడిగాక, కళ్ళు మూసుకునే, "దూరం పొయ్యేటోళ్ళ ప్రయాణం కాపాడు ప్రభువా, వాళ్ళకు అప్పజెప్పిన పిల్లల్ని దీవించు" అన్నాడు. నేను కళ్ళు తెరిచి అమ్మను చూశాను. అమ్మ కళ్ళు మూసుకునే ఉంది. తర్వాత "ఆమెన్" అంది. ఆ వారంలోనే ట్రంకు పెట్టె సర్దుకుంది.

బస్టాండుకు నేనే తోడుపోయాను. బస్సు కిటికీలోంచి అమ్మ, "ఆయినె నాతోని పనిలేదన్నడు, ఇంక నేనుండి ఏం చెయ్యాలె?" అంది. "బాపు ఎప్పుడన్నడు?" అన్నాను. "ఆ సీల చూడలేదా?" అంది. బస్సు కదిలింది. ఇంటికి వచ్చేసరికి బాపు గడప మీద కూర్చుని ఉన్నాడు. "కిటికీ పక్క సీటు దొరికిందా?" అన్నాడు. దొరికిందన్నాను. "మీ అమ్మకు మొదటి నుంచి చదువు చెప్పుడంటె పానం" అన్నాడు. నేను ఇద్దరి మాటలూ పక్కపక్కన పెట్టుకుని చూసుకున్నాను. పొమ్మన్నాడని ఆమె, పోవాలనుకుందని ఆయన. ఇద్దరిలో ఎవరికి చెప్పాలి, ఏమని చెప్పాలి? ఒకవేళ నేను విన్నదే తప్పేమో. పెద్దవాళ్ళ మధ్య విషయం పిల్లలకు సగమే తెలుస్తుందంటారు. ఆ సగమైనా ఏ సగమో తెలియలేదు నాకు.

నా కాలేజీ ఆగలేదు. పొద్దున్నే వండి పెట్టి బస్సెక్కేదాన్ని. బాపు పట్టకారును మూలకు నిలబెట్టి, సీలతోనే పని చేసుకునేవాడు. అమ్మ శనివారం చీకటిపడే వేళకు వచ్చేది. ఆదివారం గుడికి పోయి, మధ్యాహ్నం బస్సుకు వెళ్ళిపోయేది. ఇప్పుడు మిషను దగ్గరి మాటలు కూడా లేవు. శనివారం రాగానే ఆమె హాస్టలు పిల్లల సంగతులు నాకు చెప్పేది, బాపు వినేట్టుగా. బాపు వింటున్నట్టు కనపడకుండా వినేవాడు.

సీల విషయంలో ఒక చిక్కుంది. మోటరు వేసేముందు దాన్ని తీయాలి. మనిషి ఎదురుగా పట్టుకుని ఉంటే ఆ మనిషే చెబుతుంది. సీల చెప్పదు. కాలేజీకి సెలవున్న ఒక రోజు, నేను వంటింట్లో ఉన్నాను. మోటరు చప్పుడు మామూలుగా కాక, గొంతు పట్టేసిన మనిషిలా వినపడింది. రబ్బరు కాలిన వాసన వచ్చింది. పరుగెత్తాను. సీల దిగే ఉంది, స్పిండిల్ తిరగక బెల్టు జారి పొగ లేస్తోంది. బాపు మోటరు ఆపకుండా, కంగారులో వెనక్కి పోయి సీలను గుంజాడు. అది ఊడిరావడం, స్పిండిల్ ఒక్కసారిగా తిరగడం, నట్టు మీద మరిచిపోయిన పానా గిర్రున వచ్చి ఆయన కుడి మణికట్టు మీద కొట్టడం, అన్నీ ఒక్క రెప్పపాటులో అయిపోయాయి. నేను స్విచ్చి ఆపాను. పానా ఎగిరి రేకుల తలుపుకు తగిలి పడింది. బాపు కింద కూర్చుని, చెయ్యిని ఒళ్ళో పెట్టుకుని, అది తనది కానట్టు చూస్తున్నాడు. "ఏం గాలె బిడ్డా" అన్నాడు. చెయ్యి ఎటు వంగకూడదో అటు వంగి ఉంది.

రిక్షాలో దవాఖానకు తీసుకుపోయాను. ఎముక విరిగిందని కట్టు కట్టారు, ఉంచుకుని చూడాలన్నారు. తొర్రూరు పోయే బస్సు డ్రైవరుకు చెప్పి పంపితే, మర్నాడు పొద్దున్నే అమ్మ వచ్చింది. నేను అనుకున్నాను, ఇక ఏడుస్తుందని, లేకపోతే తిడుతుందని. ఆమె మంచం పక్క స్టూలు మీద కూర్చుని, కట్టు మీద చెయ్యి పెట్టకుండా, దాని పక్కన పెట్టింది.

"పానా తీసిన అని చెప్పలేదా?" అంది.

"ఎవలికి చెప్పాలె?" అన్నాడు బాపు.

పక్కమంచం మీది ముసలాయన దగ్గుతున్నాడు. అమ్మే మళ్ళీ అంది. "ఆ సీల ఎందుకు జేసినవ్?"

ఇప్పుడు తేలిపోతుంది అనుకున్నాను. పొమ్మనడానికా, పోనివ్వడానికా, ఏదో ఒకటి. బాపు గోడవైపు చూస్తూ, "నీ భుజం నొస్తాందని" అన్నాడు.

"నొస్తాందని నేనెప్పుడన్న అన్ననా?"

"అనలె. రొట్టె చరిచేటప్పుడు కుడి చెయ్యి పైకి లేస్తలేదు. నేను చూడలేదా?"

నాకు మతిపోయింది. నేను ఆ రెండు కారణాల మధ్య ఇన్నాళ్ళు నలిగిపోయాను. ఈ మూడో కారణం ఎక్కడినుంచి వచ్చింది? అమ్మ భుజం నొప్పి నేనెప్పుడూ చూడలేదు. ఆమె నొస్తుందనీ అనలేదు, లేదనీ అనలేదు. ఫ్లాస్కు మూత తీసి చాయ్ పోసి, ఆయన ఎడమచేతికి ఇచ్చింది. ఆయన మంచం మీద పడుకుని అప్పటికప్పుడు అల్లిన మాటేమో అది. లేక ఆయన మొదటి నుంచీ చెప్పలేక దాచుకున్న ఒకే ఒక నిజమో.

బాపు చెయ్యి బాగయ్యేదాకా అమ్మ సెలవు పెట్టి ఇంట్లోనే ఉంది. ఒప్పుకున్న పనులు ఆగిపోతే గిరాకీ పోతుంది. అందుకని ఆమె పానా పట్టుకుని మిషను వెనకకు పోయింది, బాపు ఎడమచేతితో, కట్టు కట్టిన చేతి మోచెయ్యి ఆనించి, పట్టకారుతో ముందు నిలబడ్డాడు. "సీల ఉన్నది గదా, ఇద్దరెందుకు?" అని అడిగాను. "అది నాకు తెల్వదు బిడ్డా, నాకద్దు" అంది అమ్మ. సీలను గోడ మేకుకు తగిలించింది. చక్రం పళ్ళు ఎట్లా చెక్కాలో ఆయన చెబుతుంటే, హ్యాండిల్ తిప్పేది ఆమె. మొదట్లో ఒక చక్రం పాడైంది. "ఇనుమే గదా, రొట్టె కాదు, మళ్ళ జేద్దాం" అన్నాడు బాపు. అమ్మ నవ్వింది. ఆ ఇంట్లో నవ్వు విని ఎంతకాలమైందో. నేను కాలేజీ పుస్తకాలు ముందు పెట్టుకుని, ఒక్క అక్షరం చదవకుండా, ఇక అమ్మ ఎక్కడికీ పోదని లోపల లోపల సంబరపడ్డాను.

బాపు కట్టు విప్పిన వారం తిరక్కముందే అమ్మ ట్రంకు పెట్టె మళ్ళీ దించింది. ఈసారి బస్టాండుకు ట్రంకు మోసింది బాపు, ఎడమ భుజం మీద. నేను దారిలో ఆయన్ను అడిగాను, "అమ్మను ఆపవా?" అని. "ఎందుకు ఆపాలె?" అన్నాడు, నేనేదో తెలివితక్కువ మాట అన్నట్టు. అమ్మను అడిగాను, "అన్నీ సక్కగైనయి గదా, ఇంక ఎందుకు పోతానవ్?" అని.

"పిల్లలు ఎదురుచూస్తాంటరు బిడ్డా."

"మరి మేము?"

"మీరు శనారం చూడండ్రి" అంది. బాపు కిటికీ దగ్గర నిలబడి, వర్ధన్నపేట దాటాక రోడ్డు బాగలేదు, వెనక సీటులో కూర్చోకు అని చెబుతున్నాడు. అంత పొడుగు మాట ఆయన ఆమెతో అనడం నేను వినడం అదే మొదటిసారి.

అట్లా అమ్మ ఎన్నో ఏళ్ళు తొర్రూరులో పనిచేసింది. అక్కడ చదువుకున్న ఆడపిల్లలు ఎందరో ఇప్పుడు నర్సులు, టీచర్లు. దారిలో కనపడితే నన్ను అక్కా అని పిలుస్తారు, నాకు వాళ్ళ పేర్లు తెలియకపోయినా. వారమంతా బాపు సీలతోనే పనిచేశాడు. మళ్ళీ దెబ్బ తగలలేదు. శనివారం సాయంత్రం అమ్మ వచ్చే వేళకు ఎప్పుడూ ఏదో ఒక కట్టర్ మార్చాల్సి ఉండేది. నేను అది గమనించాను గానీ, కావాలనే ఉంచేవాడా, పని అట్లా పడేదా అన్నది చెప్పలేను. అమ్మ చెప్పులు విడిచి, చేతిసంచి పక్కన పెట్టి, కాళ్ళు కూడా కడుక్కోకుండా పోయి, మూలనున్న పట్టకారు అందుకుని ముందు నిలబడేది. నేను పెళ్ళి చేసుకుని వచ్చేదాకా ఇదే చూశాను. బాపు పోయాక మిషనును పరకాల వాళ్ళెవరో కొనుక్కుపోయారు.

మా ఆయనా నేనూ ఇద్దరం లెక్చరర్లం. ఏ విషయమైనా కూర్చుని మాట్లాడుకున్నాం. నాకు వేరే ఊరికి ట్రాన్స్‌ఫరైనప్పుడు కూడా, పోవాలా వద్దా, పోతే ఏం లాభం, పోకపోతే ఏం నష్టం అని చాయ్ తాగుతూ తేల్చుకున్నాం. ఆయన ఏమనుకుంటున్నాడో నాకు ఎప్పుడూ తెలుసు, ఎందుకంటే అడిగితే చెబుతాడు. ఇది మంచి సంసారమే. నాకు కలిగిన తికమక మా పిల్లలకు కలగలేదు. కానీ నా భుజం ఎంతవరకు లేస్తుందో ఆయన ఎప్పుడైనా చూశాడా అని ఒక్కోసారి అనుమానం వస్తుంది. వెంటనే, చూడకపోతేనేం, నొస్తే నేనే చెబుతాను కదా అనిపిస్తుంది. ఏది మేలో, రెండింటిలో దేనిలో మనిషి ఎక్కువ ఒంటరో, నేను ఎంత ఆలోచించినా ఒక కొసకు చేరలేదు. అప్పటి రోజులు మంచివని మాత్రం అనలేను. ఒక్క మాట అడిగితే తేలిపోయేదానికి మా ఇల్లు అన్ని నెలలు ఊపిరి బిగబట్టింది, ఒక మనిషి చెయ్యి విరిగింది. అయినా ఆ ఒక్క మాట అడిగినప్పుడు కూడా ఏమీ తేలలేదు కదా.

అమ్మ చివరి రోజుల్లో నా దగ్గరే ఉంది. ఒక మధ్యాహ్నం వరండాలో కూర్చుని ఇద్దరం తోటకూర బాగు చేస్తున్నాం. ఏదో మాటల్లో బాపు ప్రస్తావన వస్తే, ధైర్యం చేసి అడిగేశాను. "అమ్మా, బాపు ఆ సీల ఎందుకు జేసిండు? నిన్ను పొమ్మన్నడా, పోనిచ్చిండా, నిజంగ నీ భుజం నొస్తాందనేనా?"

ఆమె చాలాసేపు నన్ను చూసింది, ఈ పిల్లకు ఇంత చదువు ఎందుకు చెప్పించామా అన్నట్టు. "నాకేం తెల్సు బిడ్డా" అంది. "కోపమొచ్చిన నాడు పొమ్మన్నడనుకున్న. హాస్టల్ల పిల్లలు చుట్టూ చేరి కతలు చెప్పుమన్న నాడు పోనిచ్చిండనుకున్న. పానం బాగలేని నాడు, నా నొప్పి చూసిండనుకున్న. ఏ నాడు ఏది పనికొస్తె అది."

"నువ్వు మళ్ళెప్పుడు అడగలేదా ఆయిన్ను?"

"అడిగితె ఒక్కటే చెప్తుండె గద" అంది. కట్టలోంచి ముదురు కాడలు ఏరి పక్కన పెట్టి, లేతవి నా చాటలోకి తోసింది.